ముచ్చట్లకు తాళం

కుట్టుమిషన్ల మోతలో జీపు వచ్చి ఆగిన చప్పుడు సలోమికి వినబడలేదు. బల్ల మీద పాప్లిన్ గుడ్డను నాలుగు మడతలు వేసి, చంక వంపు దగ్గర సుద్దతో గీత గీస్తోంది. "గీడ లోతు ఎక్కువ దీస్తే జబ్బ కాడ ముడుతలు పడ్తయ్, తక్కువ దీస్తే చెయ్యి లేవదు," అని చుట్టూ నిలబడ్డ ఆడవాళ్ళకు చెబుతోంది. గుమ్మంలో బూట్లు కనబడ్డాక మిషన్లు ఒకటొకటే ఆగిపోయాయి.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలయ్యాక మెదక్‌లో బళ్ళు లేవు, బస్సులు లేవు, ఆఫీసులు తెరుచుకోవడం లేదు. చర్చి వెనక గల్లీలో మహిళా సంఘం వాళ్ళ కుట్టు సెంటర్ ఒక్కటి నడుస్తోంది. అక్కడ కుట్టు నేర్పేది సలోమి. ఆమె తమ్ముడు జోయెల్ డిగ్రీ చదువుతూ విద్యార్థి జేఏసీలో తిరుగుతున్నాడు. కరెంటు ఉన్న కాసేపట్లో కరపత్రం కొట్టుకుంటానని ఆ పొద్దున సంఘం లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు.

ఎస్సై మదన్ మోహన్ లోపలికి వస్తూనే టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. ఆడవాళ్ళున్న చోట గొంతు పెంచే మనిషి కాదు. వంగి తెర మీద కరపత్రం మొత్తం చదివాడు.

"బాగనే రాసినవ్ తమ్మీ. నేను గూడ తెలంగాణోణ్నే, మాది రేగోడు," అన్నాడు. "ఇంకేమున్నయ్ ఇండ్ల?"

మౌసు తానే అందుకుని ఒక్కో ఫోల్డరు తెరిచి మూశాడు. కుట్టు కొలతలు, సంఘం ఫోటోలు, పిల్లల పాటలు. ఒకదాని దగ్గర మాత్రం తెర మీద తెల్లటి డబ్బా వచ్చి పాస్‌వర్డ్ అడిగింది.

"ఇదేంది?"

"నాకెర్కలేదు సార్," అన్నాడు జోయెల్.

"నీ ముంగటున్న కంప్యూటర్ల ఏమున్నదో నీకెర్కలేదా?"

జోయెల్ తల తిప్పి అక్క వైపు చూశాడు. సలోమి చేతిలో కత్తెర ఉంది. అది తన తాళమని చెప్పడానికి నోరు తెరిచింది. మిషన్ల దగ్గర కూర్చున్న ఆడవాళ్ళు ఒక్కరు కూడా ఆమె వైపు చూడడం లేదు. అందరూ సూదుల వైపు, దారం కండెల వైపు చూస్తున్నారు. తెరిచిన నోరు మూసుకుంది.

ఆ ఫోల్డరులో ఉన్నవి వాళ్ళ గొంతులు. ఇళ్ళల్లో తమకు జరుగుతున్నవి పేర్లు పెట్టకుండా చెప్పారు, సలోమి రికార్డు చేసింది. హైదరాబాదులో శిక్షణ ఇచ్చిన మేడం ఆ తాళం వేయడం నేర్పుతూ, దీన్ని పగలగొట్టడం ఎవడి వల్లా కాదని చెప్పింది. తాళం చెవి అడిగి తీసుకునే చట్టం ఉందని మాత్రం చెప్పలేదు.

మదన్ మోహన్ లాప్‌టాప్ మడిచి కానిస్టేబుల్‌కిచ్చాడు. జోయెల్ భుజం మీద స్నేహితుడిలా చెయ్యి వేసి జీపు దాకా నడిపించుకుపోయాడు. రెండు మిషన్ల అవతల ఖాళీగా ఉన్న మిషను ఎస్సై భార్య సువర్ణది. ఆ రోజు ఆమె రాలేదు.

*

మర్నాడు సలోమి టిఫిన్ డబ్బా పట్టుకుని ఠాణాకు వెళ్ళింది. జోయెల్ వెనక గదిలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. చెప్పులు లేవు. అక్కను చూసి పాదాలు లోపలికి ముడుచుకున్నాడు.

"ఎర్కుంటే చెప్తుంటినక్కా," అన్నాడు మెల్లగా. "ఒట్టు, మొదటి దెబ్బకే చెప్తుంటి. ఎర్కలేదంటే నమ్ముతలేరు."

డబ్బా అతని ముందు పెట్టి సలోమి ఎస్సై గదిలోకి వచ్చింది. అతను ఆమెకు కుర్చీ చూపించి టీ తెప్పించాడు.

"అది మా తమ్మునిది గాదు సార్. ఆ తాళం నాది."

"మీదా?" అతను తేలిగ్గా నవ్వాడు. "మంచిదాయె. తెరువుండ్రి మరి."

"అండ్ల సమ్మె ముచ్చట్లు లేవు. ఆడోళ్ళు చెప్పుకున్న ముచ్చట్లు సార్."

"ఆడోళ్ళ ముచ్చట్లకు తాళమెందుకు మేడం?"

అతను సొరుగులోంచి కాగితం తీసి ఆమె వైపు తిప్పాడు. ఇంటర్నెట్‌లోంచి తీసిన ప్రింటు, కొన్ని లైన్ల కింద ఎర్ర గీతలున్నాయి.

"ఐటీ చట్టం, అరవై తొమ్మిదో సెక్షన్. అడిగినప్పుడు పాస్‌వర్డ్ చెప్పకపోతే ఏడేండ్లు. తాళం మీదంటున్నరు గదా, గా ఏడేండ్లు మీకే. కానీ నేను గట్ల జెయ్య. ఆడామెను లోపలేస్తే రేపు చౌరస్తాల దీక్ష టెంటు కింద నా పేరే మోగుతది. తమ్ముడున్నడు, సాలు. మీరు తెరిచేదాంక ఎంక్వైరీ నడుస్తది."

"కేసు రాసిండ్రా సార్ వాని మీద?"

"రాస్తే పిలగాని బతుకు ఖరాబైతది. మీ మంచికే రాస్తలే."

టీ ముట్టకుండానే ఆమె లేచింది. అతను కూడా లేచి, ఆమె బయటికి పోయేందుకు తలుపు పట్టుకున్నాడు.

*

మెదక్‌లో సలోమికి తెలిసిన వకీలు జయానందం ఒక్కడే. చర్చిలో వాళ్ళ ముందు వరుసలో కూర్చునే పెద్దమనిషి. ఆయన చౌరస్తా దగ్గర దీక్షా టెంటు కింద నల్లకోటు వేసుకుని, మెడలో గులాబీ కండువాతో కూర్చుని ఉన్నాడు. పక్కకు పిలిచి సంగతి చెబితే ఓపికగా విన్నాడు.

"నోటితోని అడిగే హక్కు ఎస్సైకి లేదమ్మా. హైదరాబాదుల హోం శాఖ పెద్దాఫీసరు రాతపూర్వకంగ ఆర్డరియ్యాలె. ఏ కారణంతోని అడుగుతున్నరో అండ్ల రాయాలె. వాడు జూపిచ్చింది ఉత్త సెక్షన్ కాగితం, ఆర్డర్ గాదు."

"గట్లయితే గదే కోర్టుల చెప్పుండ్రి సార్. వాన్ని విడిపియ్యుండ్రి."

జయానందం కండువా కొస సరిచేసుకున్నాడు. "కోర్టులు బహిష్కరించినం గదమ్మా. నేనే తీర్మానం మీద సంతకం వెట్టిన. ఇప్పుడు నేనే కోటేసుకోని లోపలికి పోతే ఈ జనం ఊకుంటరా?"

"ఇంకెన్ని దినాలు సార్?"

"తెలంగాణ అచ్చేదాంక," అన్నాడు. అన్నాక ఆ మాట తనకే ఇబ్బందిగా తోచినట్టు తల దించుకున్నాడు. "అండ్ల ఆడోళ్ళ ముచ్చట్లే ఉన్నయంటివి. తెరిచి సూపిస్తె పాయె గదా. దాసుకునేదేమున్నదమ్మా, తప్పు జేయనోనికి?"

మైకులో ఎవరో ఆయన పేరు పిలిచారు. ఆయన వెళ్ళి తన చోట కూర్చున్నాడు.

*

గొంతులు రికార్డు చేయించుకున్న ఆడవాళ్ళను అడగడానికి సలోమి బయలుదేరింది. ముందు పెంటమ్మ దగ్గరికి. పెంటమ్మ మార్కెట్ మూలన సంచి పరుచుకుని తోటకూర కట్టల మీద నీళ్ళు చల్లుతోంది.

"నా మొగడు తాగొచ్చి కొట్టుడు గల్లీ గల్లీకెర్కనే," అంది ఆమె. "నాది ఊరందరికి ఇనిపియ్యి, నాకేం పోదు. పోరన్ని విడిపించుకో బిడ్డా." ఒక కట్ట విదిలించి పక్కన పెట్టింది. ఆ తర్వాత గొంతు తగ్గించింది. "గని ఆ సువర్ణది? ఇనేది ఆమె మొగడేనాయె."

సువర్ణ పోలీసు క్వార్టర్ల వరసలో చివరి ఇంట్లో ఉంటుంది. సలోమి వెళ్ళేసరికి వాకిట్లో బట్టలు ఆరేస్తోంది. సంగతంతా విన్నాక కూడా ఆరేయడం ఆపలేదు. ఖాకీ ప్యాంటును రెండు చేతులా పట్టుకుని దులిపి, గీత గీతకు కలిపి తీగ మీద వేసింది.

"మీ తమ్మున్ని కొడుతుండ్రా?"

"కొడుతుండ్రు."

"ఏడ?"

"పాదాల మీద."

సువర్ణ తల ఊపింది. ఆ జవాబు ఆమెకు కొత్తగా అనిపించలేదు. తీగ మీద పెట్టబోతే క్లిప్పు కింద పడింది. తీయడానికి వంగినామె అలాగే కూర్చుండిపోయింది.

"చెప్పకక్కా," అంది నేల వైపు చూస్తూ. "మీ తమ్ముడు మొగపిల్లగాడు, దెబ్బలు నాలుగు దినాలకు మానుతయ్. నా మాట ఆయిన చెవుల పడ్డంక నేను ఆ ఇంట్ల ఎట్లుండాలె? ఎవ్వలు ఇనరంటివి గదా. గందుకే చెప్పిన."

"చెప్ప," అంది సలోమి. "చెప్పనే చెప్ప."

ఇంటికి తిరిగి వచ్చేటప్పుడు దారంతా ఆ మాట ఆమెకు బరువుగానే ఉంది. అయినా మాట ఇచ్చినందుకు పశ్చాత్తాపం కలగలేదు.

ఇంట్లో తల్లి రాహేలు పొయ్యి ముందు కూర్చుని ఉంది. దవాఖానలో ఆయాగా చేసి రిటైరైన మనిషి. రోజూ మధ్యాహ్నం కుట్టు సెంటర్‌కు వచ్చి, బిడ్డ పక్కన కూర్చుని గుండీలు కుడుతుంది. జోయెల్ పాదాల సంగతి సలోమి ఆమెకు చెప్పలేదు. కానీ ఖాళీ టిఫిన్ డబ్బా ఇంటికి తెచ్చి ఇచ్చిన కానిస్టేబుల్ చెప్పాడు.

"ఏం జేద్దామనుకున్నవ్ బిడ్డా?"

"రేపు పొయ్యి, వాన్ని ఇడిసిపెట్టి నన్ను పెట్టుకోమని కూసుంట. చేస్తె కేసు నా మీదనే చెయ్యాలె."

రాహేలు పొయ్యిలోంచి కట్టె బయటికి లాగి, నీళ్ళు చల్లి ఆర్పింది.

*

పొద్దున సలోమి లేచేసరికి తల్లి పక్క ఖాళీగా ఉంది. చర్చికి పోయి ఉంటుందనుకుంది. రెండు చీరలు, ఒక దుప్పటి సంచిలో సర్దుకుంది. ఠాణా గేటు దగ్గరికి చేరేసరికి అక్కడ జేఏసీ పిల్లలు గుంపుగా జిందాబాద్‌లు కొడుతున్నారు. గుంపు మధ్యలో జోయెల్ ఉన్నాడు. మెడలో బంతిపూల దండ. ఒక పాదం మడమ మీద మోపి, ఇంకొకరి భుజం పట్టుకుని నిలబడ్డాడు. గేటు స్తంభం పక్కన, ఎండలో, చేతిలో చెప్పుల జత పట్టుకుని రాహేలు ఉంది. అవి కొడుకు చెప్పులు.

"దెబ్బలు తిన్నా పాస్‌వర్డ్ చెప్పలేదు మా జోయెలన్న," అని ఒక పిల్లవాడు సలోమితో గర్వంగా చెప్పాడు. "ఆఖరికి వాళ్ళే ఇడిసిపెట్టిండ్రు."

జోయెల్ అక్కను చూశాడు. ఏదో చెప్పబోయాడు. అంతలో గుంపు అతన్ని భుజాల మీదికి ఎత్తుకుంది.

సలోమి తల్లి దగ్గరికి నడిచింది.

"నువ్వు చెప్పినవా?"

రాహేలు చెప్పుల వైపు చూసింది. "నువ్వు అక్షరాలు కొట్టేటప్పుడు నోట్ల అనుకుంటవ్ బిడ్డా. చిన్నప్పటి సంది గదే అలవాటు. పక్కన కూసోని రోజు ఇంటనే ఉన్న."

"అమ్మా, అండ్ల ఎవరెవరున్నరో నీకెర్క లేదా?"

"ఎర్క. నాది గూడ ఉన్నది గద. మీ నాయిన నన్ను జేసింది నేను గూడ చెప్పిన గద అండ్ల." ఆమె చెప్పుల దుమ్ము దులిపింది. "నాది ఇంటె ఇననియ్యి అనుకున్న. సచ్చినోడు లేచొచ్చి మల్ల కొడ్తడా?"

"సువర్ణ మొగడు సావలేదమ్మా."

"నా కొడుకు సావొద్దని గద నేను పోయింది." రాహేలు చెప్పులు చంకలో పెట్టుకుని, కొడుకును మోసుకుపోతున్న గుంపు వెనక నడిచింది. కొంత దూరం పోయాక ఆగి వెనక్కి చూసింది. బిడ్డ రావడం లేదని తెలిసి మళ్ళీ నడిచింది.

*

సలోమి క్వార్టర్ల వైపు పోవాలనుకుంది, పోలేకపోయింది. రెండు రోజులు కుట్టు సెంటర్ తెరిచి కూర్చుంది. ఆడవాళ్ళు ఎవరూ రాలేదు. పెంటమ్మ మాత్రం తోటకూర గంప నెత్తిన పెట్టుకుని గుమ్మంలో నిలబడి ఒక్క మాట చెప్పి వెళ్ళిపోయింది. "కానిస్టేబుల్ పోరగాండ్ల ఫోన్లల్ల తిరుగుతున్నయంట బిడ్డా మన గొంతులు. బ్లూటూత్ అంట. టీ కొట్టు కాడ ఇంటుండ్రు. ఎవ్వతెది ఏ గొంతో పందేలు కడుతుండ్రంట."

ఆ మాట విన్నాక సలోమి కూర్చోలేకపోయింది. సెంటర్ తలుపు మూసి నేరుగా సువర్ణ ఇంటికి పోయింది.

తలుపు తీసింది మదన్ మోహన్. లుంగీ, బనియన్ మీద ఉన్నాడు. ముఖాన కోపం లేదు.

"రాండ్రి మేడం. మీ గురించే అనుకుంటున్నం. సువర్ణా, టీచరమ్మొచ్చింది, టీ పట్కరా."

వద్దనే లోపే కుర్చీ జరిపాడు. కూర్చోక తప్పలేదు. సువర్ణ ట్రే పట్టుకుని వచ్చింది. ఒంటి మీద కొత్త దెబ్బేదీ కనబడలేదు. అయితే సలోమి కళ్ళలోకి చూడలేదు. టీ ఇచ్చి, ఖాళీ ట్రే ఎదకు అదుముకుని గోడ వారగా నిలబడింది.

"నేనేం అనలేదామెను, అడుగుండ్రి," అన్నాడు మదన్ మోహన్. "ఒక్క దెబ్బ గూడ ఎయ్యలే. రోజు తినేటప్పుడు ఇద్దరం కూసోని ఇంటున్నం, గంతే. మీరు గూడ ఇనుండ్రి. ఏది నిజమో ఏది అబద్దమో మీకు గూడ తెల్వాలె గదా."

సెల్‌ఫోను తీసి టీపాయ్ మీద పెట్టాడు. మిషన్ల చప్పుడు వినిపించింది. దాని వెనక నుంచి సువర్ణ గొంతు. *ఇస్త్రీల గీత వంకరవోయిందని బెల్టు దీసిండు... కొట్టేటప్పుడు టీవీ సౌండ్ పెంచుతడు...*

"గిది అబద్దం," అన్నాడు అతను, విచారణలో కాగితం చదివే గొంతుతో. "బెల్టు గాదది, ఉత్త చెయ్యి."

గొంతు సాగిపోతోంది. సలోమి చేతిలో టీ చల్లారిపోయింది. లేచి ఫోను అందుకోవాలనిపించింది. లేస్తే ఆ తర్వాత ఈ గదిలో ఏం జరుగుతుందో, అది ఎవరి మీద పడుతుందో తలచుకుని కదలలేదు. *మూడో నెల్ల బాత్రూంల జారివడ్డ. కడుపు పోయింది...* అంటూ ఫోనులో సువర్ణ ఆగింది. ఆ రోజు ఆమె అక్కడ ఆగిపోయిన సంగతి సలోమికి గుర్తుంది. ఎవరూ ఏమీ అడగలేదు. మిషన్లు తొక్కుతూనే ఉన్నారు.

"ఆఁ," అన్నాడు మదన్ మోహన్ వేలెత్తి. "మొత్తం ముచ్చట్ల గిదొక్కటే నిజం చెప్పింది."

"అదొక్కటే అబద్దం," అంది సువర్ణ.

అతను తల తిప్పాడు. ఆమె గోడ దగ్గరే ఉంది. గొంతు కూడా పెద్దది కాదు.

"జారివడలేదక్కా. ఈయిననే తన్నిండు. కడుపుల ఎక్కడ తంతున్నడో ఈయినకెర్కనే. దవాఖానల జారివడ్డనని చెప్పుమంటె చెప్పిన. గా చెప్పిందే అలవాటయి, మీకు గూడ గదే చెప్పిన. ఈయిన రోజు నా గొంతు ఇనిపిస్తుంటె, గీ ఒక్క మాట కాడ నాకే సిగ్గయితుండె."

మదన్ మోహన్ ఫోను మీద చెయ్యి వేసి ఆపేశాడు.

"ఆపకుండ్రి," అంది ఆమె. "అంత తెరువుమంటిరి గదా. గదొక్కటే మిగిలె."

పక్క క్వార్టరు గోడ అవతల గిన్నెలు తోముతున్న చప్పుడు ఆగింది. అక్కడ మనిషి నిలబడి ఉందని ముగ్గురికీ తెలుస్తోంది. మదన్ మోహన్ గోడ వైపు చూశాడు, సలోమి వైపు చూశాడు. అంతలో ఫోను మోగింది. చౌరస్తాలో జనం పెరిగారని, బందోబస్తుకు రమ్మని. "వస్తున్న సార్," అన్నాడు. లోపలికి పోయి ఖాకీలు తొడుక్కున్నాడు. బెల్టు బిగించుకుంటూ బయటికి వచ్చి, భార్య పక్కనుంచి పోతూ, "మాపటికొస్త," అని ఒక్క మాట అని వెళ్ళిపోయాడు.

సువర్ణ ట్రే కింద పెట్టింది. గదిలోకి పోయి సంచితో వచ్చింది. అది ముందే సర్ది ఉంది.

"మా ఇంటికి రా సువర్ణా," అంది సలోమి.

సువర్ణ మొదటిసారి ఆమె ముఖంలోకి చూసింది. "మీ ఇంట్ల మీ అమ్మ ఉన్నది గదక్కా."

సలోమి సంచి అందుకోబోయింది. సువర్ణ ఇవ్వలేదు.

"శంకరంపేటకు పోత. మా అవ్వ కాడికి."

"బస్సులు లేవు గదా."

"నడుస్త. ఏదన్న ట్రాక్టరు దొరకదా."

*

శంకరంపేట దారి పట్టాలంటే చౌరస్తా దాటాలి. టెంటు కింద జనం కిక్కిరిసి ఉన్నారు. మైకులో గొంతు దూరం నుంచే సలోమికి తెలిసింది. జోయెల్ కట్లు కట్టిన పాదాలతో కుర్చీలో కూర్చుని మాట్లాడుతున్నాడు. పక్కన నల్లకోటుతో జయానందం. టెంటు అంచున బందోబస్తు పోలీసులు లాఠీలు నేలకు ఆనించి నిలబడి వింటున్నారు. మదన్ మోహన్ జీపు ముందు వైపున, జనానికి అవతల ఆగి ఉంది.

"...పాదాలు పగిలినా సరే, పాస్‌వర్డ్ చెప్పలే. ప్రాణం పోయినా ఉద్యమ రహస్యం చెప్పనన్న..."

చప్పట్లు మోగాయి. ఎవరో ఈల వేశారు. రోడ్డు మీద నిలిచిపోయిన ఇద్దరు ఆడవాళ్ళు జోయెల్ కంట పడ్డారు. అతని నోట మాట ఆగింది. మైకు కీచుమంది. "జై తెలంగాణ!" అని జనం అందుకున్నారు. ఆ నినాదం ఆగేసరికి అతను చూపు తిప్పుకుని మళ్ళీ మొదలుపెట్టాడు.

సలోమి టెంటు వైపు అడుగు వేసింది. సువర్ణ ఆమె మోచెయ్యి పట్టుకుంది.

"పొయ్యి ఏం జెప్తవక్కా?"

"వానికేం ఎర్కలేదని చెప్త. ఎవరిది బయటవడ్డదో చెప్త."

"చెప్పాలంటె మల్ల నా ముచ్చటనే చెప్పాలె గదా," అంది సువర్ణ. "గీ మైకుల."

సలోమి ఆగిపోయింది. జోయెల్ గొంతు ఒక స్థాయికి చేరి, ఇంకో చప్పట్ల కోసం ఆగింది. సువర్ణ సంచి ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది.

"నడువక్కా. ఊరు దాటేదాంక తోడు రా. ఎండ నెత్తికెక్కుతున్నది."

ఇద్దరూ టెంటు వెనక నుంచి శంకరంపేట రోడ్డు ఎక్కారు. మైకు చాలా దూరం వాళ్ళకు వినబడుతూనే ఉంది.